పాత కెనాన్‌లో రా వీడియో: ఈ నెల ఉత్తరాలు

పోయిన సంచికలో, పాత కెనాన్ కెమెరాల్లో మ్యాజిక్ లాంటర్న్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే రా వీడియో తీయొచ్చని ఒకే ఒక్క వాక్యం రాశాను. దాని మీదే ఈ నెల ఉత్తరాలన్నీ వచ్చాయి. నేను డీఐ (డిజిటల్ ఇంటర్మీడియట్) గదిలో కూర్చుని ఇతరులు తీసిన ఫుటేజ్‌కు రంగులు సరిచేసే మనిషిని. కెమెరా పట్టుకునేది ఆదివారాలే. కాబట్టి నా జవాబుల్లో షూటింగ్ కన్నా తర్వాత జరిగేదాని గోల కాస్త ఎక్కువ కనిపిస్తుంది. మొదటి జవాబు పొడుగ్గా ఉంది. మిగతా ఉత్తరాల వాళ్లు కూడా దాన్ని చదివే కిందికి వెళ్లండి.

తెనాలి నుంచి ఒక పాఠకుడు: అన్నయ్య వాడి పక్కన పెట్టేసిన కెనాన్ 600డి నా చేతికొచ్చింది. 18-55 లెన్స్ ఉంది. పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ రాసుకున్నాను. రాలో తీస్తే అచ్చం సినిమాలా ఉంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. నా కెమెరాలో వస్తుందా సార్? 95 ఎంబీ స్పీడున్న కార్డు కూడా కొనేశాను.

వస్తుంది. కానీ మీరనుకున్నంత పెద్ద ఫ్రేము రాదు, మీరనుకున్నంత సేపూ రాదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఈ లెక్క ఒకసారి చేతికొస్తే ఏ కెమెరా గురించీ ఇంకెవరినీ అడగక్కర్లేదు.

మామూలుగా మీ 600డి వీడియో తీసేటప్పుడు రంగు, కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ అన్నీ కెమెరాయే తేల్చేస్తుంది. ఆ బొమ్మను 8 బిట్లకు దించి, బాగా కుదించి, హెచ్.264 ఫైలుగా రాస్తుంది. 1080లో నిమిషానికి సుమారు 330 ఎంబీ, అంటే సెకనుకు ఐదున్నర ఎంబీ. రా అంటే ఈ తీర్పులేవీ జరగకముందు సెన్సర్ ఇచ్చిన అంకెలు. ఒక్కో పిక్సెల్‌కు 14 బిట్లు. వెలుగు నుంచి చీకటి దాకా 256 మెట్లు ఉండేచోట 16,384 మెట్లు ఉంటాయి. వైట్ బ్యాలెన్స్ కూడా తర్వాత పెట్టుకోవచ్చు. ముఖం మీద పడిన పచ్చ ట్యూబ్‌లైట్ ఛాయను హెచ్.264లో లాగితే చర్మం మచ్చలు మచ్చలుగా తేలుతుంది. రాలో అదే ఛాయ శుభ్రంగా పోతుంది. నాలాంటి వాడికి రా ఇష్టం కావడానికి కారణం ఇదొక్కటే.

ఈ 14 బిట్ల బొమ్మ, లైవ్ వ్యూ (కెమెరా వెనక తెర మీద కనిపించే బొమ్మ) చూపించడం కోసం ఎలాగూ కెమెరా మెమరీలోకి వస్తుంది. 2009లో ట్రామెల్ హడ్సన్ 5డి మార్క్ 2 కోసం మ్యాజిక్ లాంటర్న్ మొదలుపెట్టినప్పుడు ఎవరి దృష్టీ దాని మీద లేదు. అప్పుడు కావలసింది సౌండ్ మీటర్లు, సౌండ్ లెవెల్‌ను చేత్తో పెట్టుకునే వీలు, వెలుగు పేలిపోయిన చోట జీబ్రా గీతలు. 2013 మేలో ఆ ప్రాజెక్టు డెవలపర్లు ఆ బొమ్మను మెమరీలోనే పట్టుకుని, వరసగా కార్డు మీదకు రాయించారు. కథ అక్కణ్ణుంచి మారింది.

ఇక గుణకారం. 1920ని 1080తో, దాన్ని 14తో గుణించి, 8తో భాగించండి. ఒక్క ఫ్రేముకు 36 లక్షల బైట్లు దాటుతాయి. సెకనుకు 24 ఫ్రేములు, అంటే సెకనుకు 87 ఎంబీ. హెచ్.264 ఐదున్నర, ఇది 87.

మీ 600డిలో కార్డు స్లాట్ రాసే వేగం సెకనుకు 20 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. కార్డు మీద 95 అని ఉన్నా, 300 అని ఉన్నా అంతే. బిందె ఎంత పెద్దదైనా కుళాయి ధార మారదు కదా. ఆ స్పీడు మీకు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకునేటప్పుడు పనికొస్తుంది కాబట్టి డబ్బు దండగ కాలేదు. పైగా మీ కెమెరా మామూలు మోడ్‌లో ఇచ్చే రా బొమ్మ వెడల్పు 1730 పిక్సెళ్ల చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి 1920 అన్న మాట మొదట్లోనే మర్చిపోండి.

1280×720 చూద్దాం. 14 బిట్లు, 24 ఫ్రేములు: సెకనుకు 39 ఎంబీ. మీ స్లాట్ మోసేదానికి దాదాపు రెట్టింపు. మిగిలింది కెమెరా మెమరీలో పోగవుతుంది. అది నిండగానే రికార్డింగ్ ఆగిపోతుంది. కొద్ది సెకన్ల ముచ్చట. ఆగకుండా తీయాలంటే 960×540 దగ్గరకు దిగాలి, అప్పుడు కూడా 22 అవుతుంది. బిట్లు 10కి తగ్గించే సదుపాయమున్న మ్యాజిక్ లాంటర్న్ వెర్షన్ వేసుకుంటే 1280×544 వెడల్పాటి ఫ్రేము సెకనుకు 21 ఎంబీలో వస్తుంది. రెండూ అంచు మీదివే. నిలువు ఎత్తు ఇంకాస్త కోసుకుంటే ఊపిరి ఆడుతుంది. 10 బిట్లంటే కంగారు పడకండి. ఈ సెన్సర్ల కింది బిట్లలో ఉండేది చాలావరకు నాయిసే, అంటే బొమ్మతో సంబంధం లేని గరుకే. బాగా చీకటి మూలల్ని పైకి లాగినప్పుడు తప్ప తేడా కనిపించదు.

ఇక మీ షార్ట్ ఫిల్మ్. డైలాగ్ సీన్లు హెచ్.264లో తీసి, మధ్యలో రెండు మూడు అందమైన షాట్లు రాలో వేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. రెండూ పక్కపక్కన పెట్టి గ్రేడింగ్ చేస్తే, అంటే రంగులు సరిచేస్తే, అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకటి మెత్తగా, ఒకటి గరుగ్గా ఉంటుంది. మాటల్లేని సీను ఒకటి ఎంచుకుని, దాన్ని మొత్తం రాలో తీయండి. మిగతా సినిమా అంతా హెచ్.264లోనే కానివ్వండి. రా తీయకపోయినా మ్యాజిక్ లాంటర్న్‌లోని ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచుల్ని తెర మీద చూపించేది), జీబ్రాలు మీకు ప్రతి షాట్‌లోనూ అక్కరకొస్తాయి.

సినిమాలా ఉండటం గురించి మాత్రం నన్నడగకండి. కిటికీ దగ్గర కూర్చోబెట్టి తీసిన హెచ్.264 ముఖం, నడినెత్తిన ట్యూబ్‌లైట్ కింద తీసిన రా ముఖం కన్నా బాగుండటం నేను రోజూ చూస్తున్నాను.

వరంగల్ నుంచి ఒక పాఠకుడు: అన్నా, ఫర్మ్‌వేర్ మారిస్తే కెమెరా మళ్లీ లేవదని మా దగ్గరి రిపేర్ షాపు ఆయన భయపెట్టాడు. నిజమేనా? నచ్చకపోతే తీసేయొచ్చా?

ఆయన మాట పూర్తిగా అబద్ధం కాదు తమ్ముడూ. కానీ ఆయన అనుకుంటున్నది ఒకటి, జరిగేది ఒకటి. మ్యాజిక్ లాంటర్న్ కెనాన్ ఫర్మ్‌వేర్‌ను, అంటే కెమెరాను నడిపే లోపలి ప్రోగ్రాంను, చెరిపి దాని స్థానంలో కూర్చోదు. అది కార్డులోనే ఉంటుంది, కెనాన్ ఫర్మ్‌వేర్ పక్కన నడుస్తుంది. కెమెరా లోపల మారేది ఒక చిన్న గుర్తు మాత్రమే. దాన్ని బూట్ ఫ్లాగ్ అంటారు. ఆన్ అవగానే కార్డులో ఫలానా ఫైలు ఉందేమో చూసి, ఉంటే దాన్ని నడపమని ఆ గుర్తు చెబుతుంది. ఫైలు లేని మామూలు కార్డు పెడితే కెమెరా ఎప్పటిలాగే మామూలుగా లేస్తుంది.

వేసుకునే ముందు కెమెరాలో కెనాన్ ఫర్మ్‌వేర్ ఎన్నో వెర్షనో చూసుకో. ప్రతి మోడల్‌కూ ఒక నిర్దిష్టమైన వెర్షన్ మీదే ఇది నడుస్తుంది. 600డికి 1.0.2, 50డికి 1.0.9, ఇలా. వేరే మోడల్ ఫైలు తెచ్చి ఇందులో పెడదామన్న ఆలోచన వద్దు. కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి, జిప్ ఫైలులో ఉన్నవన్నీ దానిలోకి కాపీ చేసి, నిండా చార్జి ఉన్న బ్యాటరీ పెట్టి, డయల్ ఎం మీదకు తిప్పి, మెనూలో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నొక్కాలి. అయిందని తెర మీద వచ్చేదాకా ఏ బటన్ జోలికీ వెళ్లొద్దు. తర్వాత ఆపి మళ్లీ ఆన్ చేసి, చాలా మోడళ్లలో ఫొటోలు డిలీట్ చేసే బటన్ నొక్కితే దాని మెనూ తెరుచుకుంటుంది. ఒక రోజు ఇది వద్దనిపిస్తే, ఆన్ చేసేటప్పుడు సెట్ బటన్ నొక్కి పట్టుకో. కెనాన్ ఒక్కటే లేస్తుంది. పూర్తిగా తీసేయాలంటే మళ్లీ అదే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నొక్కి, తెర మీద చెప్పినట్టు చేస్తే గుర్తు కూడా పోతుంది.

నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కార్డు తలుపు దగ్గరే. తలుపు తీసిన వెంటనే కార్డు లాగేస్తారు. లోపల ప్రోగ్రాం ఇంకా ఆ కార్డు మీదే నడుస్తుంటుంది. కెమెరా బిగుసుకుపోతుంది, బ్యాగులో పడుకుని బ్యాటరీ మొత్తం తాగేస్తుంది. తలుపు తీశాక ఎర్ర లైటు ఆరేదాకా, లేదా ఒక ఐదు సెకన్లు ఆగితే సరిపోతుంది. అప్పటికీ బిగుసుకుంటే బ్యాటరీ తీసి పెట్టు. కార్డులో ఫైళ్లు సగం సగం ఉండి కెమెరా లేవకపోతే వేరే కార్డు పెట్టు. "కెమెరా పోయింది" అని నా దగ్గరకు వచ్చినవి చాలావరకు ఇంకో కార్డు పెట్టగానే లేచాయి.

అలా అని పూచీ ఎవరూ ఇవ్వరు. తయారుచేసినవాళ్లే, మీ పూచీ మీద వాడుకోండి అని రాశారు. వారంటీలో ఉన్న కెమెరా అయితే నేనూ వద్దనే అంటాను. పన్నెండేళ్ల కెమెరాకు వారంటీ ఎక్కడిది? ఇంకో మాట. ఇది ఉచితంగా దొరికేది. డబ్బు తీసుకుని ఇన్‌స్టాల్ చేస్తామనేవాళ్లకు పైసా ఇవ్వకు.

పాలకొల్లు నుంచి ఒక పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్: మాకు 5డి మార్క్ 3 ఉందండి. పెళ్లి మొత్తం రాలో తీస్తామని చెబితే ప్యాకేజీ రేటు పెంచొచ్చు కదా?

పెంచొచ్చు. ఆ పెంచింది హార్డ్ డిస్కుల షాపుకు కట్టొచ్చు. సెకనుకు 87 ఎంబీ చొప్పున నిమిషానికి 5.2 జీబీ. 64 జీబీ కార్డు పన్నెండు నిమిషాల్లో నిండుతుంది. మన ముహూర్తాలు తెలిసినవే. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాలు, అరుంధతీ దర్శనం దాకా మూడు గంటలు వేసుకుంటే 940 జీబీ, అదీ ఒక్క కెమెరాకు. బ్యాకప్ ఇంకో 940. సరిగ్గా తాళి కట్టే వేళకు కార్డు మార్చుకుంటూ ఉంటే పెళ్లికూతురి మేనమామకు ఏం చెబుతారు?

పెళ్లికి హెచ్.264 చాలు. మీకంత ఉబలాటంగా ఉంటే ప్రీ వెడ్డింగ్‌లో, గోదావరి గట్టున సాయంత్రం పూట ఓ రెండు నిమిషాల పాట రాలో తీయండి. ఆకాశం, ముఖం రెండూ నిలుస్తాయి. తేడా అక్కడ కనిపిస్తుంది, రేటూ అక్కడ అడగొచ్చు.

పిఠాపురం నుంచి ఒక పాఠకురాలు: ఉప్పాడ జాందానీ నేత మీద చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నాను. కెమెరా 700డి. మ్యాజిక్ లాంటర్న్ వేశాను. రెండు సమస్యలు. చీర మీద ఎక్కడ చూసినా ఇంద్రధనస్సు రంగుల అలలు కదులుతున్నాయి. రెండోది, నేతగారు గుంట మగ్గం దగ్గర కిటికీ పక్కన కూర్చుంటారు. కిటికీ సరిగ్గా పెడితే ఆయన ముఖం నల్లబడుతోంది, ముఖం చూస్తే కిటికీ తెల్లగా పేలిపోతోంది. డ్యూయల్ ఐఎస్ఓ వాడమని ఒకరు చెప్పారు. వాడొచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో రాకు అసలు సిసలైన పని ఇదేనండి. చిన్న చిన్న షాట్లు, దగ్గరి నుంచి చూడాల్సిన రంగులు, మీ చేతిలో లేని వెలుతురు.

ముందు ఆ అలల సంగతి. దాన్ని మోరే అంటారు. 700డి సెన్సర్‌లో అడ్డంగా 5184 పిక్సెళ్లున్నాయి. వీడియోకు అన్నీ చదివేంత తీరిక కెమెరాకు ఉండదు. నిలువునా కొన్ని వరసలు చదివి, మధ్యవి వదిలేస్తుంది. పట్టు పోగులు, జరీ గీతలు సరిగ్గా ఆ వదిలేసిన వరసల సందుల్లో పడితే లేని గీతలు, లేని రంగులు పుట్టుకొస్తాయి. రా దీన్ని తగ్గించదు. హెచ్.264లో మెత్తదనం కింద కొంత దాక్కునేది రాలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 5డి మార్క్ 3కి ఈ జబ్బు దాదాపు లేదు. ఎందుకంటే అది వరసలు వదిలేయకుండా, మూడు మూడు పిక్సెళ్లను కలుపుకుంటూ చదువుతుంది.

మీ కెమెరాలోనే దీనికి మందుంది. లైవ్ వ్యూలో 5 రెట్ల జూమ్ నొక్కి, అలాగే ఉంచి రా రికార్డ్ చేయండి. అప్పుడు సెన్సర్ మధ్య భాగాన్ని ఒక్క పిక్సెల్ వదలకుండా చదువుతుంది. అలలు పోతాయి. కానీ ఫ్రేము బిగుసుకుపోతుంది. 1280 వెడల్పుకు లెన్స్ దాదాపు నాలుగు రెట్లు దగ్గరకు లాగినట్టు అవుతుంది, 18 ఎంఎం లెన్స్ 70 ఎంఎం దాటినట్టు ప్రవర్తిస్తుంది. వేళ్లు, నాడె, బుటా కోసం పేకలో విడిగా ఎక్కించే పోగు, వీటికి అది చక్కగా సరిపోతుంది. గది మొత్తం కనిపించే వైడ్ షాట్ మాత్రం మామూలు మోడ్‌లోనే తీయక తప్పదు. అందులో చీర ఫ్రేములో చిన్నదిగా ఉండేలా, ఫోకస్ చీర మీద కాకుండా మనిషి మీద ఉండేలా చూసుకోండి. ఎపర్చర్ పెద్దదిగా తెరిచి పెట్టండి. మిగిలిన రంగు అలల్ని ఎంఎల్‌వీ యాప్‌లో (ఈ రా ఫైళ్లను కంప్యూటర్‌లో తెరిచే ప్రోగ్రాం) క్రోమా స్మూత్ అనే మీట కొంత తుడుస్తుంది. అన్నీ తుడవదు.

ఇప్పుడు డ్యూయల్ ఐఎస్ఓ. చాలా తెలివైన పని అది. ఐఎస్ఓ అంటే సెన్సర్ పట్టిన వెలుగును ఎంత పెంచాలో చెప్పే అంకె. 2013లోనే వచ్చింది. సెన్సర్‌లో రెండు వరసలు ఐఎస్ఓ 100తో, తర్వాతి రెండు 800తో, మళ్లీ రెండు 100తో, అలా చివరిదాకా చదివిస్తుంది. 100 వరసలు కిటికీని కాపాడతాయి, 800 వరసలు గది మూలల్ని నాయిస్ లేకుండా ఇస్తాయి. తర్వాత సాఫ్ట్‌వేర్ రెండింటినీ కుట్టేస్తుంది. వెలుగునీడల పరిధి దాదాపు మూడు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) పెరుగుతుంది. వసారాలో కూర్చున్న తాతగారినీ, వెనక ఎండలో మెరిసే వాకిలినీ ఒకే ఫ్రేములో పట్టాలంటే నేను కూడా వాడతాను.

మీ చీరకు మాత్రం వద్దు. బాగా వెలుగున్న చోటా, బాగా చీకటి ఉన్న చోటా ఒక రకం వరసలే పనికొస్తాయి. అంటే నిలువు వివరం సగం అవుతుంది. మోరేతో ఇప్పటికే ఇబ్బంది పడుతున్న నేత మీద ఇది ఇంకో పొర గీతలు వేస్తుంది. జాందానీ బుటా అంచులు రంపంలా కనిపిస్తే మీ డాక్యుమెంటరీకి అర్థమేముంది?

దానికి బదులు తెల్లటి థర్మకోల్ షీటు ఒకటి కొనండి. మన యూనిట్లలో ఇప్పటికీ ఎక్కువగా కష్టపడేది అదే. కిటికీకి ఎదురుగా, ఫ్రేముకు బయట నిలబెట్టి వెలుగును ముఖం మీదకు మళ్లించండి. కిటికీ బయట తెల్లటి ఎండ ఉంటే పల్చటి తెల్ల గుడ్డ కట్టండి. అప్పుడు మ్యాజిక్ లాంటర్న్‌లోని రా హిస్టోగ్రాం (ఎడమన చీకటి, కుడిన వెలుగు చూపే గ్రాఫ్) చూస్తూ, కుడి గోడకు తగలకుండా వీలైనంత వెలుగు ఇవ్వండి. కెనాన్ మామూలు హిస్టోగ్రాం ఇక్కడ మోసం చేస్తుంది, రాలో ఇంకా చోటున్నా పేలిపోయిందని చెబుతుంది. ఐఎస్ఓ 100, 200, 400, 800లోనే పెట్టండి. మధ్యలో 160, 320 లాంటివి రాకు అనవసరం. గది మూలల్ని ముప్పావు స్టాపు పైకి లాగడం గ్రేడింగ్‌లో చూసుకోవచ్చు.

మీ 700డి స్లాట్ సెకనుకు 40 ఎంబీ వరకు రాస్తుంది. 1280×720, 12 బిట్లు, 25 ఫ్రేములకు 35 ఎంబీ చాలు, కాబట్టి ఆగకుండా నడుస్తుంది. మగ్గం గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే షటర్ 1/50 నుంచి కదల్చొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్. దీపం సెకనుకు వంద సార్లు మిణుకుతుంది. 1/50లో ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండు మిణుకులు పడతాయి, వెలుగు ఊగదు. ఈ కెమెరాల్లో కార్డు స్లాట్‌ను దాని వేగం మించి పరుగెత్తించే మాడ్యూల్ కూడా ఒకటుంది. అది మీకు అక్కర్లేదు. రాత్రంతా నేసిన నేతను మర్నాడు చెడిపోయిన ఫైల్లో వెతుక్కోవాల్సి వస్తే బాధగా ఉంటుంది.

ఎండాకాలం అయితే షాట్‌కూ షాట్‌కూ మధ్య లైవ్ వ్యూ ఆపేయండి. వేడెక్కిన సెన్సర్ చుక్కలు చూపిస్తుంది.

హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి: సార్, 700డితో తీశాను. ఫైళ్లు ఎంఎల్‌వీ అని, ఎం00, ఎం01 అని వచ్చాయి. ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోవట్లేదు. ఒకదాంట్లో తెరిస్తే బొమ్మ మీద గులాబీ రంగు చుక్కలు వరసలుగా ఉన్నాయి. సెన్సర్ పోయిందా? టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ వద్దు, సెన్సర్ బాగానే ఉంది. 650డి, 700డి, 100డి, ఈఓఎస్ ఎం కెమెరాల్లో ఆటోఫోకస్ కోసం సెన్సర్ మీదే కొన్ని ప్రత్యేకమైన పిక్సెళ్లు పెట్టారు. మామూలు వీడియోలో కెమెరా వాటిని పక్క పిక్సెళ్లతో పూడ్చేస్తుంది. రాలో పూడ్చేవాళ్లు లేరు కాబట్టి చుక్కలుగా కనిపిస్తాయి. ఎంఎల్‌వీ యాప్ అనే ఉచిత ప్రోగ్రాం దించుకో. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. అందులో ఫోకస్ డాట్స్ సరిచేసే మీట ఉంది, మీ మోడల్‌కు తగిన మ్యాప్ తీసుకుని చుక్కల్ని పూడ్చేస్తుంది.

ఎం00, ఎం01 అన్నవి అదే షాట్ ముక్కలు. కార్డు ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు, అందుకని షాట్ ముక్కలవుతుంది. వాటిని పేరు మార్చకుండా, అన్నీ ఒకే ఫోల్డర్లో ఉంచి ఎంఎల్‌వీ ఒక్కదాన్నే తెరువు, మిగతావి వాటంతట అవే కలిసిపోతాయి. చాలామంది ఇవేవో చెత్త ఫైళ్లనుకుని డిలీట్ చేసి, షాట్ మధ్యలో తెగిపోయిందని ఏడుస్తారు.

తర్వాత రెండు దారులు. మంచి గ్రేడింగ్ చేయాలంటే సినిమా డీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ప్రతి ఫ్రేమూ ఒక విడి ఫైలు అవుతుంది. డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాటిని నేరుగా తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ నీరసంగా ఉంటే, వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ ఎంఎల్‌వీ యాప్‌లోనే సరిచేసి ప్రోరెస్ అనే మామూలు వీడియో ఫైలుగా తీసుకో. కాలేజీ ప్రాజెక్టుకు రెండోదే మేలు. ఒరిజినల్ ఎంఎల్‌వీ ఫైళ్లను మాత్రం మార్కులు వచ్చేదాకా చెరపకు.

సౌండ్ గురించి నువ్వు అడగలేదు కానీ చెప్పేస్తున్నా. ఎంఎల్‌వీలో సౌండ్ కోసం వేరే మాడ్యూల్ ఆన్ చేయాలి. చేసినా కెమెరా మైకు మైకే. ఫోన్‌ను జేబులో పెట్టి కాలర్ మైకుతో విడిగా రికార్డ్ చేసి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టు, తర్వాత బొమ్మతో సౌండ్ కలపడానికి గుర్తుగా ఉంటుంది.

డాలస్ నుంచి ఒక పాఠకురాలు: సంక్రాంతికి ఇండియా వస్తున్నాను. తమ్ముడికి సెకండ్ హ్యాండ్ కెమెరా తేవాలి. వాడు రా వీడియో కోసం 5డి మార్క్ 3 లేదా 50డి కావాలంటున్నాడు. ఏది తేవాలి?

డబ్బు ఇబ్బంది లేకపోతే 5డి మార్క్ 3 తెండమ్మా. పైన చెప్పిన గొడవల్లో సగం దానికి లేవు. మంచి 1000ఎక్స్ సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) కార్డుతో పూర్తి 1080 రాను ఆగకుండా రాస్తుంది. కార్డు కూడా అక్కడే కొనండి, నమ్మకమైన చోట. నకిలీ కార్డు లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. దీన్లో ఎస్‌డీ స్లాట్ కూడా ఉంది, కానీ అది నెమ్మది. రా రాయాల్సింది సీఎఫ్ మీదే.

50డి ముచ్చటైన కెమెరా. 2008లో అమ్మినప్పుడు దానిలో వీడియో అన్నదే లేదు. మ్యాజిక్ లాంటర్న్ వాళ్లు వీడియో తెప్పించారు, రా కూడా తెప్పించారు. నా దగ్గర ఒకటుంది, దాని రంగులంటే నాకు ప్రాణం. కానీ దానికి మైకు లేదు, మోరే ఉంది. మొదటి కెమెరాగా తమ్ముడికి ఇవ్వను.

కొనేటప్పుడు సీఎఫ్ స్లాట్‌లోని సన్నటి పిన్నులు వంగలేదు కదా చూడండి. లెన్స్ మూత పెట్టి ఐదు నిమిషాలు లైవ్ వ్యూ నడిపించి, చుక్కలెన్ని కనిపిస్తున్నాయో చూడండి. షటర్ ఎన్నిసార్లు కొట్టిందన్నది వీడియోకు అంత ముఖ్యం కాదు. అక్కడి కెమెరా ఎన్‌టీఎస్‌సీలో, అంటే అమెరికా వీడియో పద్ధతిలో ఉంటుంది. ఇక్కడికొచ్చాక మెనూలో మన పద్ధతి అయిన పాల్‌కు మార్చమనండి, 25 ఫ్రేములు వస్తాయి.

ఒక మాట మీకు మాత్రమే చెబుతున్నా, తమ్ముడికి చూపించకండి. వాడు దీంతో సంపాదించాలనుకుంటే, అదే డబ్బుకు దగ్గర్లో కెమెరాలోనే 10 బిట్ల లాగ్ (రంగులు తర్వాత దిద్దుకోవడానికి వీలుగా ఉండే వీడియో) రికార్డ్ చేసే వాడిన మిర్రర్‌లెస్‌లు దొరుకుతాయేమో చూడండి. ఇంట్లో పాత కెనాన్ ఉన్నవాళ్లకు మ్యాజిక్ లాంటర్న్ వరం. దాని కోసమే పాత కెమెరా కొనడం ఇష్టం ఉన్నవాళ్ల పని. వాడిది ఇష్టమే అయితే 5డి మార్క్ 3 తెండి, ఇంకేం ఆలోచించొద్దు.

చీరాల నుంచి ఒక పాఠకుడు: నా దగ్గర నికాన్ ఉంది. దీనికీ మ్యాజిక్ లాంటర్న్ వేసుకోవచ్చా?

కుదరదండీ. అది కెనాన్‌కు మాత్రమే, కెనాన్‌లో కూడా అన్నిటికీ కాదు. కొంతకాలం స్తబ్దుగా ఉన్న ఆ ప్రాజెక్టు 2025లో మళ్లీ కదిలి, మరికొన్ని మోడళ్లకు వస్తోంది. మీ మిత్రులెవరి దగ్గరైనా కొత్తగా చేరిన మోడల్ ఉంటే, మ్యాజిక్ లాంటర్న్ ఎక్కుతుందా అని ఒకటి, రా వీడియో వస్తుందా అని ఒకటి, రెండూ విడివిడిగా చూసుకోమని చెప్పండి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉంటుందని లేదు.